ఆమె మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోయింది, నేనేం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుని. ఈమధ్య నైట్ డ్యూటీలో ఒకామె వచ్చింది. కనుబొమ్మ దగ్గర చిట్లింది, ముంజేయి వాచింది. తలుపు తగిలిందని చెప్పింది. అంతకుముందు కూడా ఒకసారి ఆమెకి నేనే డ్రెస్సింగ్ చేశాను. అప్పుడు మెట్ల మీద జారానంది. ఈసారి నాకు ఆగలేదు. కుట్లు వేయడానికి సిద్ధం చేస్తూ, "ఇది తలుపు దెబ్బ కాదమ్మా, నాకు తెలుసు. ఎందుకు దాస్తావు? ఇంకా ఎన్నాళ్ళు పడతావు?" అని అడిగేశాను. భర్త కర్టెన్ అవతలే ఉన్నాడు. ఆమె మొహం గోడవైపు తిప్పేసుకుంది. గొంతు కాస్త బొంగురుగా ఉంటే జలుబు చేసిందేమో అనుకున్నాను. డాక్టర్ గారు కొన్ని గంటలు ఉండమన్నా ఉండకుండా, సంతకం పెట్టి అతనితోనే వెళ్ళిపోయింది. మా సీనియర్ సిస్టర్ "కుట్లు వేసి పంపడం వరకే మన పని, వాళ్ళ సంసారం మనకెందుకు" అంటున్నారు. ఆమె నంబర్ కేస్ షీట్‌లో ఉంది. ఫోన్ చెయ్యనా? నేను అడగడం తప్పా? ఇలాంటి వాళ్ళకి మేం చేయగలిగింది అసలు ఏమైనా ఉందా?
(పేరు వద్దన్న ఒక నర్సు)

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు, మాటల్లో మాటగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. గొంతు బొంగురుగా ఉందన్నారు చూడండి, అక్కడ. ఇది ఆలస్యం చేసే విషయం కాదు కాబట్టి మీకు అప్పుడే విడిగా రాశాను. ఇలాంటి డ్యూటీల్లో ఉన్న మిగతావాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను.

మొహం మీద దెబ్బతో వచ్చిన మనిషి గొంతు మారి ఉంటే, జలుబు కంటే ముందు మెడ గుర్తుకు రావాలి. ఇంట్లో కొట్టేవాడి చేతులు మెడ మీదికి వెళ్ళడం అరుదేమీ కాదు. కానీ ఆ సంగతి ఆమె తనంతట తాను చెప్పడం అరుదు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతున్న వేళ, కాసేపు మెడ పట్టుకుని వదిలేశాడన్నది ఆమెకే చిన్న విషయంగా తోస్తుంది. కొందరికి అసలు గుర్తే ఉండదు. మెదడుకి రక్తం అందని ఆ కొద్ది క్షణాలు జ్ఞాపకంలోంచి జారిపోతాయి.

శ్వాసనాళాన్ని మూయడానికి కావలసినంత బలం మెడలో రక్తనాళాలను నొక్కడానికి అక్కర్లేదు. నొక్కిన పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. ఇంత జరిగినా చర్మం మీద ఏమీ కనిపించకపోవచ్చు. అమెరికాలోని శాన్ డియేగోలో గొంతు నొక్కిన 300 కేసుల ఫైళ్ళు పరిశీలించి 2001లో ప్రచురించారు. వాటిలో కనీసం సగం మందికి మెడ మీద కంటికి ఆనే గుర్తే లేదు. అందుకే చూసి ఊరుకుంటే చాలదు, అడగాలి. అదీ విడమరిచి అడగాలి. "గొంతు నులిమాడా?" అంటే చాలామంది లేదనేస్తారు. ఆ మాట వాళ్ళకి చంపబోయాడా అన్నంత పెద్దగా వినిపిస్తుంది. "మీ మెడ మీద ఎవరైనా చెయ్యి వేశారా? మోచేత్తో గానీ, గుడ్డ చుట్టి గానీ నొక్కారా? అప్పుడు కళ్ళు చీకట్లు కమ్మాయా? మింగుతుంటే నొప్పిగా ఉందా?" అని ఒక్కొక్కటీ అడగండి. తెలియకుండా ఒంటికి పోయిందా అని కూడా అడగాలి. సిగ్గుపడతారని మనం వదిలేసే ప్రశ్న అది. కానీ స్పృహ తప్పిందని చెప్పే గట్టి ఆనవాళ్ళలో అదొకటి.

ఆ తర్వాత కనురెప్పల లోపలివైపు, చెవుల వెనక, జుట్టు పాయలు తీసి మాడు మీద చూడండి. మెడ నొక్కినప్పుడు పడే సన్నటి ఎర్ర చుక్కలు అక్కడే దొరుకుతాయి. దవడ కింద కమిలి ఉందేమో, మెడ మీద గోటి గీతలు ఉన్నాయేమో చూడండి. ఆ గీతలు చాలాసార్లు ఆమె గోళ్ళవే అయి ఉంటాయి, అతని చేతులు ఊడదీసుకునే పెనుగులాటలో పడినవి. వీటిలో ఏది కనిపించినా, లేదా ఆమె అవునన్నా, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మెడ ధమని లోపలి పొర చిరిగి ఉంటే గంటల తర్వాతో రోజుల తర్వాతో పక్షవాతం రావచ్చు. మెడకి సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలను చూపే స్కాన్, అవసరమా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. కానీ మీరు చెప్పకపోతే ఆ ఆలోచనే రాకపోవచ్చు. ఎందుకంటే వాళ్ళ ముందు ఉన్న కాగితం మీద "కనుబొమ్మ దగ్గర గాయం" అని మాత్రమే ఉంది.

మెడ విషయం ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. భాగస్వామి ఒకసారి గొంతు నొక్కి వదిలేసిన స్త్రీకి, ఆ తర్వాత అతని చేతిలోనే ప్రాణం పోయే ప్రమాదం సుమారు 7 రెట్లు ఎక్కువని 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. ఎముక విరిగిందా లేదా అన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని కొలిచే అలవాటు మనకి ఉంది. ఈ విషయంలో ఆ కొలత పనికిరాదు.

ఇక ఫోన్. మీ సొంత ఫోన్ నుంచి వద్దు. ఆ నంబర్ ఆమెదే అయినా ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలియదు. వచ్చిన ప్రతి కాల్‌కీ లెక్క అడిగే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు తెలియని నంబర్ నుంచి వచ్చిన పరామర్శ కూడా ఆమె మీదికే తిరుగుతుంది. అలాగని ఊరుకోమనడం లేదు. గొంతు మారిందన్న సంగతి ఆ రాత్రి డాక్టర్‌కి తెలియదు కాబట్టి ఆమెను మళ్ళీ చూడాల్సిన వైద్య అవసరం నిజంగా ఉంది. డాక్టర్‌కి చెప్పి, మిగతా పేషెంట్లను రివ్యూకి పిలిచినట్టే ఆసుపత్రి నంబర్ నుంచే పిలిపించండి. ఎవరు ఎత్తినా "డాక్టర్ గారు మళ్ళీ ఒకసారి చూడాలన్నారు" అన్న మాట దాటకూడదు. ఆమే ఎత్తితే ముందు, "ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా? అవును, కాదు అంటే చాలు" అని అడగాలి. అవునంటే తలనొప్పి, మెడనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ క్షణమే రమ్మని చెప్పాలి. మెసేజ్ మాత్రం పెట్టవద్దు.

మీరు అడగడం తప్పా? కాదు. అడగకుండా కుట్లు వేసి పంపేసి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు. కానీ అడిగిన చోటు ఆమె నోరు మూయించింది, అడిగిన తీరు కూడా. కర్టెన్ అంటే గుడ్డ ముక్క. అవతల ఉన్న మనిషికి ప్రతి మాటా వినిపిస్తుంది. మీ ప్రశ్నకి ఆమె జవాబు చెప్పకపోయినా, "నర్సుకి ఏం చెప్పావు?" అన్న ప్రశ్న ఆమెకి ఇంట్లో ఎదురవుతుంది. ఆమె మొహం తిప్పుకున్నది మీ మీద కోపంతో కాకపోవచ్చు. ఆ క్షణంలో ఆమె తనను తాను కాపాడుకుంది. "ఎందుకు దాస్తావు, ఎన్నాళ్ళు పడతావు" అన్న మాటలు మీ ప్రేమలోంచే వచ్చాయని నాకు అర్థమవుతోంది. అయితే ఆమె చెవికి అవి ఇప్పటికే ఇంట్లో వింటున్న నిలదీతలాగే వినిపిస్తాయి.

ఒంటరిగా దొరకని పేషెంటుని ఈ ప్రశ్న అడగనే కూడదు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా చాలదు. భర్త ముందే కాదు, ఆమె తల్లి ముందు, స్నేహితురాలి ముందు, మాటలు వచ్చిన పిల్లల ముందు కూడా వద్దు. భాష రాకపోతే వెంట వచ్చినవాళ్ళని మధ్యలో పెట్టి అడిగించవద్దు. మరి విడదీయడం ఎలా? గొడవ లేకుండా విడదీసే మార్గాలు ఎమర్జెన్సీలో చాలా ఉన్నాయి. ఎక్స్‌రేకి, మూత్ర పరీక్షకి పేషెంట్ ఒక్కరే వెళ్ళాలన్న నియమం అందరికీ ఒకేలా పెట్టండి. వెంట వచ్చినవాళ్ళని వివరాలు రాయించడానికి కౌంటర్ దగ్గరికి పంపండి. పరీక్ష చేసేటప్పుడు అందరినీ బయటికి పంపడం ప్రతి మంచం దగ్గరా మామూలైతే, ఈ ఒక్క మంచం దగ్గరే ఎందుకని ఎవరూ అడగరు. ఎంత చెప్పినా కదలని మనిషి, ఆమెని అడిగిన ప్రతిదానికీ తానే జవాబు చెప్పే మనిషి, ఆ కదలకపోవడంతోనే మీకు కొంత చెప్పేశాడు. అతనితో వాదించవద్దు, అనుమానం బయటపెట్టవద్దు. నోట్స్‌లో చూసింది చూసినట్టు రాసి ఇంకో అవకాశం కోసం చూడండి.

ఒంటరిగా దొరికాక మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "అమ్మా, ఇలాంటి దెబ్బలతో వచ్చినవాళ్ళందరినీ మేం అడిగే ప్రశ్న ఇది. ఇంట్లో గానీ, దగ్గరివాళ్ళు గానీ ఎవరైనా మిమ్మల్ని కొట్టడం, భయపెట్టడం జరుగుతోందా?" మందులేవైనా పడవా అని అడిగే గొంతుతోనే అడగండి. అందరినీ అడుగుతారని తెలిస్తే తన మొహంలో ఏదో కనిపెట్టేశారన్న బెదురు తగ్గుతుంది. ఎమర్జెన్సీ కోసమే చేసిన మూడు ప్రశ్నల పట్టిక 1997 నుంచి ఉంది. కొట్టడం, అవమానించడం, బెదిరించడం, అరవడం అన్న నాలుగింటినీ 1 నుంచి 5 వరకు అంకెలు వేసి అడిగే హిట్స్ అనే పట్టిక 1998లో వచ్చింది. మొత్తం 10 దాటితే అనుమానించాలి. మీ ఆసుపత్రిలో వాటిలో ఏదైనా వాడుతుంటే వాడండి. స్త్రీలందరినీ అడగాలా, అనుమానం ఉన్నవాళ్ళనే అడగాలా అన్నదానిలో పెద్ద సంస్థలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా నిపుణుల బృందం 2018లో పిల్లల్ని కనే వయసులోని స్త్రీలందరినీ అడగమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు మాత్రం గాయాన్ని బట్టి, లక్షణాలను బట్టి అడగమన్నాయి. అదీ ఏకాంతం, శిక్షణ, ఆ తర్వాత పంపడానికి ఒక చోటు ఉంటేనే. మీ పేషెంట్ విషయంలో ఈ తేడా అక్కరకు రాదు. ఏ లెక్కన చూసినా ఆమెని అడగాల్సిందే.

అడిగే ముందు ఒక నిజం చెప్పాలి. ఆమె చెప్పింది ఎక్కడిదాకా వెళ్తుందో. కొన్ని చోట్ల ఇలాంటి గాయాలను పోలీసులకి తప్పనిసరిగా తెలియజేయాలి. పిల్లల మీద దెబ్బ పడుతోందని తెలిస్తే చాలా చోట్ల చెప్పి తీరాలి. మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో మీ ఇన్‌ఛార్జిని అడిగి ఖాయం చేసుకోండి. "ఎవరికీ చెప్పను, చెప్పండి" అని మాటిచ్చి, ఆ తర్వాత మాట తప్పాల్సి వస్తే ఆమె ఇంకే నర్సునీ నమ్మదు.

అడిగాక ఆమె "లేదు" అంటే? వదిలేయండి. "సరేనమ్మా. ఎప్పుడైనా అలాంటిది జరిగితే ఏ వేళకైనా ఇక్కడికి రావచ్చు, ఎవరూ ఏమీ అనరు" అని చెప్పి మీ పని మీరు చేసుకోండి. రెండోసారి గుచ్చి అడగవద్దు. ఇవాళ కాదన్న మనిషి మూడు నెలల తర్వాత వచ్చి మీ పేరు చెప్పి అడగవచ్చు.

అవునంటే, వెంటనే మీ నోటి నుంచి వచ్చే మాట మీదే చాలా ఆధారపడి ఉంటుంది. "ఏం గొడవ జరిగింది?" అనవద్దు. "మీరేమన్నారు?" అసలే వద్దు. "మంచి పని చేశారు నాకు చెప్పి. మీరు ఏం చేసినా, ఏమన్నా, మిమ్మల్ని కొట్టే హక్కు ఎవరికీ లేదు" అనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వైద్య సిబ్బంది కోసం తెచ్చిన చేతిపుస్తకం ఈ తొలి సాయాన్ని అయిదు పనులుగా చెప్పింది: వినడం, ఆమెకి ఏం కావాలో అడగడం, ఆమె మాట నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రత గురించి కలిసి ఆలోచించడం, సాయం చేసేవాళ్ళతో కలపడం. వీటిలో ఏదీ పెద్ద యంత్రం అడగదు. మొదటిదే కష్టం. మానిటర్లు మోగుతుంటే, పక్క మంచం పిలుస్తుంటే అయిదు నిమిషాలు కూర్చుని వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. నిలబడి విననే వద్దు. స్టూలు లాక్కుని ఆమె కళ్ళ ఎత్తులో కూర్చోండి.

భద్రత అంటే ఇవాళ రాత్రి సంగతి. "ఇంటికి వెళ్ళడానికి భయంగా ఉందా?" అన్నది మొదటి ప్రశ్న. భయమంటే నమ్మండి. కానీ భయం లేదన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దు. చావు దాకా వెళ్ళినవాళ్ళలో సుమారు సగం మంది తమ ప్రమాదాన్ని సరిగ్గా అంచనా వేయలేకపోయారని ఈ రంగంలో జరిగిన పరిశోధన చెబుతోంది. ఆ పరిశోధనకి దారి వేసినవారు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు. ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని ఆమె 1980లలో తయారుచేశారు. మన వృత్తిలోంచి వచ్చిన పని ఇది, ఈ మాట మీ సీనియర్ సిస్టర్‌కి కూడా చెప్పండి. ఎమర్జెన్సీలో వాడటానికి దాన్ని అయిదు ప్రశ్నలకి కుదించి 2009లో ప్రచురించారు. గత ఆరు నెలల్లో దెబ్బలు ఎక్కువయ్యాయా, లేక తీవ్రమయ్యాయా? ఎప్పుడైనా ఆయుధం వాడాడా, దాంతో బెదిరించాడా? మిమ్మల్ని చంపగలడని మీకు అనిపిస్తోందా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఎప్పుడూ అనుమానంతో, ఆ కోపంతో రగిలిపోతుంటాడా? వీటిలో మూడింటికి అవునంటే ప్రమాదం ఎక్కువని లెక్క. వీటికి గొంతు నొక్కడం గురించి ప్రశ్నని మీరు ఎలాగూ కలుపుతారు. అలాంటప్పుడు డాక్టర్‌ని, సోషల్ వర్కర్‌ని పిలవకుండా, ఆమెకి ఉన్న ప్రమాదం ఆమెకే సూటిగా చెప్పకుండా డిశ్చార్జ్ వరకు వెళ్ళవద్దు.

భాగస్వామి కొట్టిన కేసుల్లో బలవంతపు లైంగిక దాడి కూడా ఉండవచ్చు. దాన్ని వేరే ప్రశ్నగా, మెల్లగా అడగాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్రకి 5 రోజుల వరకు సమయం ఉంది. భార్యాభర్తలు కదా అని ఈ ప్రశ్న దాటేయడం వల్ల ఆ గడువులు దాటిపోతుంటాయి.

ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్న సంగతికి వస్తాను. ఆమె అతనితోనే వెళ్ళిపోయింది. ఇది చూసిన ప్రతి నర్సుకీ ఒంట్లోంచి సత్తువ పోయినట్టు ఉంటుంది. కొన్నాళ్ళకి అది ఆమె మీద విసుగుగా మారుతుంది. అప్పుడే "వాళ్ళ సంసారం మనకెందుకు" అన్న మాట పుడుతుంది. కానీ వెళ్ళిపోవడం అంటే దెబ్బల్ని ఒప్పుకోవడం కాదని గట్టిగా గుర్తుపెట్టుకోండి. అమెరికాలోని 11 నగరాల్లో జరిగి 2003లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, అదుపు చేసే మనిషి నుంచి విడిపోవడం హత్యా ప్రమాదాన్ని పెంచే కారణాల్లో ఒకటిగా తేలింది. విడిపోయిన తొలి రోజులే ప్రమాదకరం. ఆ ఇంట్లో బతుకుతున్న మనిషికి ఈ సంగతి ఏ అధ్యయనమూ చెప్పక్కర్లేదు. పిల్లలు ఆ రాత్రి ఎవరి దగ్గర ఉన్నారో, చేతిలో డబ్బు ఉందో లేదో, ఏ తలుపు తడితే తెరుచుకుంటుందో ఆమెకి తెలుసు, మనకి తెలియదు. సిద్ధం కాకుండా అర్ధరాత్రి మన ఒత్తిడి మీద బయటికి వచ్చిన స్త్రీకి మన మాటే ప్రాణం మీదికి తేవచ్చు.

అందుకని ఆమె ఇల్లు విడిచిందా లేదా అన్నదాన్ని మీ పనికి కొలతగా పెట్టుకోకండి. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె మెడ ఎవరైనా చూశారా, ఆమెని ఒంటరిగా ఎవరైనా అడిగారా, చెప్పిన మాట నమ్మారా, ఉన్న ప్రమాదం తెలిసి వెళ్ళిందా, దెబ్బ కాగితం మీద సరిగ్గా పడిందా, మళ్ళీ రావడానికి మొహమాటం లేకుండా వెళ్ళిందా. మీ చేతిలో ఉన్నవి ఇవి. తక్కువేమీ కావు.

ఆ కాగితం గురించి కొంచెం చెప్పాలి. ఏళ్ళ తర్వాత ఆమె ఎక్కడైనా న్యాయం అడిగితే, ఆ రాత్రి ఏం జరిగిందో అప్పటికప్పుడు రాసిన సాక్ష్యం మీ నోట్స్ ఒక్కటే కావచ్చు. ఆమె అన్న మాటని ఆమె మాటల్లోనే, కొటేషన్లలో రాయండి. "నా భర్త బెల్టుతో కొట్టాడు" అని ఆమె అంటే అదే రాయాలి. "పేషెంట్ ఆరోపిస్తోంది" అని రాస్తే మీకే నమ్మకం లేదని అర్థం వస్తుంది. "పేషెంట్ చెప్పింది" చాలు. "గృహ కలహం" లాంటి మాటలు కొట్టినవాడినీ కొట్టించుకున్న మనిషినీ ఒక గాటన కడతాయి, వాడవద్దు. ప్రతి గాయం ఎక్కడ ఉందో, ఎంత పొడవో, ఏ రంగులో ఉందో బొమ్మ మీద గుర్తు పెట్టండి. కమిలిన రంగుని బట్టి అది ఎన్నాళ్ళ కిందటిదో రాయవద్దు. ఆ లెక్క నమ్మదగింది కాదు, కోర్టులో అదే మీ నోట్స్ మొత్తాన్ని పడగొట్టవచ్చు. ఆమె ఒప్పుకుంటేనే ఫోటోలు, అవి కూడా ఆసుపత్రి కెమెరాతో, కొలబద్ద పక్కన పెట్టి. మీ సొంత ఫోన్‌తో తీయవద్దు. ఆమె తలుపు తగిలిందనే చెప్పి, గాయం ఆ కథకి పొంతన కుదరకపోతే రెండూ రాయండి: ఆమె చెప్పింది ఇది, నేను చూసింది ఇది, ఈ గాయం ఆ కారణానికి సరిపోవడం లేదు. ముంజేయి వాచిందన్నారు. చిటికెన వేలి వైపు వాపు ఉంటే మొహానికి అడ్డం పెట్టుకున్న చెయ్యి అయి ఉండవచ్చు. ఏ వైపో మీరు రాశారా? పాత కేస్ షీట్ కూడా తీసి చూడండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, విడివిడిగా చెప్పని సంగతి చెబుతాయి.

ఆమె చేతికి ఇచ్చే కాగితం వేరు. అది అతని చేతికి వెళ్తుందనుకునే రాయాలి. డిశ్చార్జ్ చీటీ మీద హింస ప్రస్తావన ఉండకూడదు. తర్వాత సాయం కోసం ఎవరిని కలవాలో ఆమె గుర్తుపెట్టుకుంటానంటే నోటితో చెప్పండి. కాగితం అడిగితే అది ఎక్కడ దాచగలదో ఆమెనే అడగండి. రిపోర్టులు ఫోన్‌కి వచ్చే ఏర్పాటు ఉంటే ఆ ఫోన్ ఎవరు చూస్తారో కనుక్కోండి. ఆమె చెప్పిన ఒక్క ముక్క కూడా అతని చెవిన పడకూడదు. అతనికి బుద్ధి చెప్పాలని మీకు ఎంత అనిపించినా, మీరు అన్న ప్రతి మాటకీ మూల్యం చెల్లించేది ఆమె. అతను వార్డులో గొంతు పెంచితే సెక్యూరిటీని పిలవండి, మీరు ఎదురు నిలబడవద్దు.

పురుషులు కూడా ఇలా రావచ్చు. పిల్లల చేతిలో దెబ్బలు తిన్న ముసలివాళ్ళు కూడా. వాళ్ళు ఇంకా తక్కువ చెబుతారు, మనం ఇంకా తక్కువ అడుగుతాం. పైన చెప్పినదంతా వాళ్ళకీ వర్తిస్తుంది.

మీ సీనియర్ సిస్టర్ మీద కోపం పెట్టుకోకండి. ఏళ్ళ తరబడి ఇలాంటి మొహాలకి కట్లు కట్టి, మళ్ళీ మళ్ళీ వాటినే చూసిన మనిషి అలా అనడంలో నాకు రాతిగుండె కనిపించలేదు, అలసట కనిపించింది. అయినా ఆ మాట వైద్యపరంగానే నిలవదు. ప్రపంచంలో సుమారు ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకి గురయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వాటిలో ఎక్కువ భాగం భాగస్వామి చేసినవే. గాయం కారణం తెలియకుండా చేసిన వైద్యం సగం వైద్యం. గుండెనొప్పి పేషెంటుని కారణం వెతక్కుండా నొప్పి మాత్ర ఇచ్చి ఆమె పంపించరు. అదే మాట గౌరవంగా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పి చూడండి. మెడ సంగతి ముందు చెప్పండి. సంసారం అంటే వినకపోయినా, ధమని చిరగడం, పక్షవాతం అంటే వింటారు.

ఆ లెక్కలో మనమూ ఉన్నాం. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఇంట్లో దెబ్బలు ఆగవు. ఇలాంటి పేషెంటుని చూసి వచ్చాక చేతులు వణికే సిస్టర్ మీ వార్డులోనూ ఉండవచ్చు. అది మీరే అయితే, ఆ కేసు ఇంకొకరికి అప్పగించమని అడగడం మీ హక్కు, కారణం చెప్పక్కర్లేదు. మీరు కాకపోయినా ఇలాంటి రాత్రి తర్వాత ఎవరితోనైనా మాట్లాడండి. పేషెంట్ వివరాలు బయట చెప్పకుండానే మీ బాధ చెప్పుకోవచ్చు. మీ సొంత నంబర్ పేషెంట్లకి ఇవ్వడం, డ్యూటీ తర్వాత వాళ్ళ ఇంటి వైపు వెళ్ళి చూడటం లాంటివి చేయకండి. మీకు ప్రమాదం, ఆమెకీ ప్రమాదం.

మీ ఇన్‌ఛార్జిని కలిసినప్పుడు మూడే అడగండి. తలుపు ఉన్న ఒక గది, డ్రెస్సింగ్ రూమైనా సరే, పేషెంటుతో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడటానికి. పరీక్ష సమయంలో వెంట వచ్చినవాళ్ళు బయటే ఉండాలన్న నియమం అందరికీ కనపడేలా గోడ మీద. ఇలాంటి కేసు వస్తే రాత్రి రెండింటికైనా ఎవరికి ఫోన్ చెయ్యాలో పేరు, నంబర్ రాసిన చీటీ నర్సింగ్ స్టేషన్‌లో. మూడోది ఆ రోజే అయిపోవాలి. నియమానికి వారం పట్టవచ్చు. గది కోసం మీరు రెండుసార్లు అడగాల్సి వస్తుంది, అడగండి.